ఎడ్జ్ క్లస్టర్‌లో డివైస్ ఆన్‌బోర్డింగ్ సర్వీస్: మూడు సర్వర్లూ ఒకేచోట పెట్టొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒక్కో సైట్‌లో మూడు నోడ్ల (మెషీన్ల) కే3ఎస్ క్లస్టర్ ఉంది, అంటే కంటెయినర్లను నడిపే కుబర్నెటీస్ తాలూకు తేలిక రూపం. కొన్ని వందల గేట్‌వేలు ఫ్యాక్టరీ నుంచి నేరుగా సైట్లకు వెళ్తాయి. అక్కడి మనిషి కరెంటు, నెట్‌వర్క్ కేబుల్ తగిలించడం తప్ప ఇంకేం చేయకూడదు. అందుకోసం పరికరం తనంతట తానే యజమానిని వెతుక్కుని సెటప్ అయ్యే ప్రోటోకాల్ ఫైడో డివైస్ ఆన్‌బోర్డ్, అంటే ఎఫ్‌డీఓ, ఎంచుకున్నారు. ల్యాప్‌టాప్ మీద డెమో చక్కగా నడిచింది. ఇప్పుడు తయారీ సర్వర్ (ఫ్యాక్టరీలో పరికరాన్ని సిద్ధం చేసేది), రాండెవూ సర్వర్ (యజమాని ఎక్కడున్నాడో పరికరానికి దారి చెప్పేది), ఓనర్ సర్వర్ (యజమాని తరఫున పరికరానికి కాన్ఫిగరేషన్ ఇచ్చేది) మూడింటినీ క్లస్టర్‌లో ఒకే నేమ్‌స్పేస్‌లో (ఒకే విభాగంలో) పెట్టేయొచ్చా, కీలు ఎక్కడ దాచాలి, టీఎల్ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వెనకుండే ఎన్‌క్రిప్షన్) తప్పనిసరా అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. మూడూ ఒకేచోట పెట్టకండి. ఎడ్జ్ క్లస్టర్‌లో ఉండాల్సింది ఓనర్ సర్వర్ ఒక్కటే. తయారీ సర్వర్ ఫ్యాక్టరీలోనే ఉండాలి. రాండెవూ సర్వర్ ఏ ఒక్క సైట్‌కీ ముడిపడకుండా, చాలాకాలం పేరు మారని చోట ఉండాలి. కంటెయినర్లు లేపడం అరపూట పని, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. మీ శ్రద్ధంతా రెండింటి మీద పెట్టండి: ఓనర్ ప్రైవేట్ కీ, ఓనర్‌షిప్ వోచర్లు (పరికరం ఎవరిదో సంతకాలతో చెప్పే పత్రాలు). మిగతా ఏది పోయినా మళ్లీ కట్టుకోవచ్చు. ఈ రెండింటిలో ఏది పోయినా పెట్టెలు విప్పి, ఒక్కో పరికరం మీదా చేత్తో పనిచేయాల్సిందే. నేను ఒకసారి చేశాను, ఆ సంగతి కింద చెప్తాను.

కారణాల్లోకి వెళ్లేముందు ప్రోటోకాల్ ఎలా నడుస్తుందో రెండు ముక్కలు. దీని మూలం ఇంటెల్ వాళ్ల సెక్యూర్ డివైస్ ఆన్‌బోర్డ్. దాని మీద ఆధారపడి ఫైడో అలయన్స్ 2021లో 1.0, 2022లో 1.1 స్పెసిఫికేషన్ విడుదల చేసింది. ఇందులో నాలుగు దశలు ఉంటాయి. మొదటిది డీఐ, అంటే పరికరాన్ని తొలిసారి సిద్ధం చేయడం, ఫ్యాక్టరీలో జరుగుతుంది. పరికరంలోకి ఒక జీయూఐడీ (గుర్తింపు సంఖ్య), ఒక రహస్యం, రాండెవూ చిరునామాలు, తయారీదారు కీ తాలూకు హ్యాష్ (వేలిముద్ర లాంటిది) ఎక్కుతాయి. వోచర్ పుట్టేది కూడా అప్పుడే. పరికరం చేతులు మారిన ప్రతిసారీ పాత యజమాని తన కీతో సంతకం పెట్టి, కొత్త యజమాని పబ్లిక్ కీని వోచర్‌కు జతచేస్తాడు. ఆ గొలుసు చివర ఉన్న కీ ఎవరిదైతే పరికరం వాళ్లది. తర్వాతి దశ టీఓ0లో మీ ఓనర్ సర్వర్ రాండెవూ దగ్గరికి వెళ్లి, ఫలానా జీయూఐడీ వస్తే నా దగ్గరికి పంపు అని నమోదు చేసుకుంటుంది. టీఓ1లో పరికరం లేచి రాండెవూని దారి అడుగుతుంది. టీఓ2లో పరికరం, ఓనర్ సర్వర్ ఒకరికొకరు తామెవరో నిరూపించుకుని, ఎన్‌క్రిప్టెడ్ దారిలో కాన్ఫిగరేషన్ ఇచ్చిపుచ్చుకుంటారు.

రాండెవూ ఎందుకు బయట ఉండాలంటే. డీఐ సమయంలో పరికరంలోకి రాసిన రాండెవూ సమాచారమే వోచర్ హెడర్‌లోనూ ఉంటుంది. ఆ హెడర్‌కు పరికరం తన రహస్యంతో హెచ్‌మ్యాక్, అంటే ఎవరైనా మారిస్తే పట్టిచ్చే ముద్ర, వేస్తుంది. ఫ్యాక్టరీ గేటు దాటాక మధ్యలో ఎవరూ దాన్ని మార్చలేరు. మొదటిసారి టీఓ2 జరిగినప్పుడే ఓనర్ సర్వర్ కొత్త చిరునామాలు ఇవ్వగలదు. పరికరం గోడౌన్‌లో ఏడాదిన్నర పడి ఉండొచ్చు. అన్నాళ్ల తర్వాత కరెంటు పెట్టినా ఆ పేరు పలకాలి. అందుకే ఐపీ చిరునామా రాయించకండి, మీ చేతిలో ఉన్న డొమైన్ కింద ఒక డీఎన్ఎస్ పేరు రాయించండి. వెనక సర్వర్ ఎక్కడికి మారినా పేరు మారదు. ఇంటర్నెట్ లేని సైట్లు ఉంటే ఆ సమాచారంలోనే వరుసగా రెండు మూడు దారులు రాయొచ్చు: ముందు సైట్ లోపల మాత్రమే పలికే పేరు, అది అందకపోతే బయటిది. అసలు రాండెవూనే దాటేసి నేరుగా ఓనర్ దగ్గరికి పొమ్మనే బైపాస్ ఏర్పాటు కూడా స్పెసిఫికేషన్‌లో ఉంది. ఒక్కటే సైట్, దాని చిరునామా ఫ్యాక్టరీ రోజుకే ఖాయం అనుకుంటే అది మంచిదే. మీ పరిస్థితి అలా లేదు.

రాండెవూ బయట ఉంటే భద్రత సంగతేమిటని భయపడేవాళ్లు ఎక్కువ. దాని దగ్గర ఉండేది ఏ జీయూఐడీ ఏ చిరునామాకు వెళ్లాలన్న సమాచారం. ఆ చిరునామా మీద ఓనర్ సంతకం ఉంటుంది, టీఓ2లో పరికరం దాన్ని సరిచూసుకుంటుంది. రాండెవూని ఎవరైనా చేజిక్కించుకుంటే ఆన్‌బోర్డింగ్‌ను ఆపగలరు, మీ పరికరాన్ని తమది చేసుకోలేరు. ఓనర్ కీ దొంగిలించినవాడు మాత్రం ఆ పని చేయగలడు. రెండు ప్రమాదాలనూ ఒకే నేమ్‌స్పేస్‌లో పక్కపక్కన పెట్టడానికి నేను ఒప్పుకోనిది ఇందుకే.

టీఓ0 నమోదుకు గడువు ఉంటుందని కూడా గుర్తుపెట్టుకోండి. ఇంతసేపు నమోదు ఉంచమని ఓనర్ సర్వర్ అడుగుతుంది, రాండెవూ తనకు కుదిరినంత ఇస్తుంది. ఆ గడువు తీరేలోపు మళ్లీ నమోదు చేయాలి. సైట్‌లో ఇంటర్నెట్ రాత్రంతా పోయి, పొద్దున పరికరాలు పెట్టేవాళ్లు వచ్చేసరికి రాండెవూకి ఆ జీయూఐడీలు తెలియకపోవడం చాలామందికి అనుభవమే. మిగిలి ఉన్న గడువును ఒక మెట్రిక్‌గా పెట్టి, సగానికి తగ్గగానే అలర్ట్ వచ్చేలా చేయండి.

ఇక కీల దగ్గరికి వద్దాం. మేము మొదటి సైట్‌లో చేసిన తప్పు ఇది. డెమోలో ఒక స్క్రిప్ట్ ఉండేది, కీ ఫైల్ లేకపోతే కొత్తది తయారుచేస్తుంది. దాన్నే ఇనిట్ కంటెయినర్‌గా, అంటే సర్వర్ లేచేముందు నడిచేదిగా, పెట్టేశాం. స్టోరేజ్ కే3ఎస్‌తో వచ్చే లోకల్ పాత్. అంటే డేటా ఏ నోడ్ డిస్కు మీద ఉంటే ఆ నోడ్‌కే పరిమితం. ఒక నోడ్ చెడిపోయింది. మా సహోద్యోగి ఆ వాల్యూమ్ క్లెయిమ్‌ను (స్టోరేజ్ కేటాయింపును) తీసేసి మళ్లీ సృష్టించారు, పాడ్ (సర్వర్ కంటెయినర్ నడిచే యూనిట్) వేరే నోడ్ మీద లేచింది. డాష్‌బోర్డ్ అంతా ఆకుపచ్చే. పరికరాలు మాత్రం ఎక్కడం లేదు. ఒక పరికరానికి సీరియల్ కేబుల్ తగిలించి లాగ్ చూశాను. టీఓ1 దాటింది. టీఓ2లో 60వ మెసేజ్ వెళ్లింది, 61 వచ్చింది, అక్కడే సంతకం సరిపోలేదని ఆగి, కొంతసేపటికి మళ్లీ మొదటికి. అదే మూడు లైన్లు, మళ్లీ మళ్లీ. వోచర్‌లో చివరి పబ్లిక్ కీ వేలిముద్ర ఒక కాగితం మీద, సర్వర్ వాడుతున్న కీ వేలిముద్ర దాని కింద రాసుకుని చూస్తే మొదటి రెండు అక్షరాల దగ్గరే తేడా తెలిసిపోయింది. పాడ్ కొత్త నోడ్ మీద లేవగానే స్క్రిప్ట్ కొత్త కీ పుట్టించింది. వోచర్లన్నీ పాత కీ పేరిట ఉన్నాయి. పరికరం చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని: తెలియని యజమానిని లోపలికి రానివ్వలేదు. చెడిపోయిన నోడ్ డిస్కు చదవగలిగాం కాబట్టి ఆ రోజు బయటపడ్డాం.

అప్పటినుంచి నా నియమం: కీ తయారీ ఎప్పుడూ డిప్లాయ్‌మెంట్‌లో భాగం కాకూడదు. కీ లేకపోతే సర్వర్ లేవకుండా ఆగిపోవాలి, కొత్తది పుట్టించకూడదు. కీని ఒక్కసారి, మనుషుల ఎదుట, క్లస్టర్ బయట తయారుచేసి, కాపీ ఎక్కడుందో రాసిపెట్టుకోవాలి.

కుబర్నెటీస్ సీక్రెట్‌లో పెడితే చాలదా అంటే, మామూలుగా అది బేస్64లో రాసిన డేటా మాత్రమే, ఎన్‌క్రిప్షన్ కాదు. కే3ఎస్‌లో సీక్రెట్స్ ఎన్‌క్రిప్షన్ ఆప్షన్ ఉంది, తప్పక ఆన్ చేయండి. అయితే ఆ ఎన్‌క్రిప్షన్ తాళం కూడా అదే సర్వర్ నోడ్ డిస్కు మీద ఉంటుంది. డేటా సెంటర్లో ఇది పెద్ద విషయం కాదు, అక్కడ గేటు దగ్గర కాపలా ఉంటుంది. ఎడ్జ్ నోడ్ ఏదో గది మూలన ర్యాక్‌లో ఉంటుంది, మెషీన్‌ను మొత్తంగా ఎత్తుకుపోవచ్చు. కాబట్టి నోడ్ డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి, దాని తాళాన్ని మెషీన్‌లోనే ఉండే భద్రతా చిప్ టీపీఎంకు కట్టేయండి. డిస్కు విడిగా పీకి వేరే మెషీన్‌కు పెడితే అప్పుడు పనికిరాదు. కుదిరితే ఓనర్ కీని హెచ్ఎస్ఎంలో (కీలను దాచే ప్రత్యేక హార్డ్‌వేర్‌లో) పెట్టి, సంతకం మాత్రమే అడిగి తెచ్చుకునేలా చేయండి. కీ బయటికే రాదు.

అంతకంటే నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఇంకొకటి ఉంది. అన్ని సైట్లకూ ఒకే ఓనర్ కీ వాడకండి. ఫ్యాక్టరీ వాళ్లు వోచర్‌ను మీ కేంద్ర కీ పేరిట రాసిస్తారు. ఆ కేంద్ర కీ ఎడ్జ్‌కి ఎప్పుడూ వెళ్లదు. ఏ పరికరం ఏ సైట్‌కు వెళ్లాలో తేలాక, కేంద్రంలో కూర్చుని వోచర్‌ను ఆ సైట్ కీ పేరిట ఇంకో మెట్టు పొడిగించి, ఆ సైట్ వోచర్లు మాత్రమే ఆ సైట్‌కు పంపండి. ఒక సైట్ కీ పోయినా నష్టం ఆ సైట్‌తో ఆగుతుంది. ఇందుకు ప్రోటోకాల్‌లో కొత్తగా ఏమీ చేయక్కర్లేదు, చేతులు మారడానికి ఉన్న ఏర్పాటే ఇది. ఒక షరతు మాత్రం ఉంది: వోచర్ గొలుసులోని కీలన్నీ ఒకే రకం, ఒకే సైజు కావాలి. ఫ్యాక్టరీ 384 బిట్ల ఎలిప్టిక్ కర్వ్ వాడితే మీవీ అవే. మీ హెచ్ఎస్ఎం దాన్ని సపోర్ట్ చేస్తుందో లేదో ఆర్డర్ ఇచ్చే ముందే కనుక్కోండి.

వోచర్ల బ్యాకప్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ ముందుగా ఊహించరు. టీఓ2 విజయవంతంగా పూర్తయితే పరికరం పాతదిగా ఉండదు. 65వ మెసేజ్‌లో ఓనర్ దానికి కొత్త జీయూఐడీ ఇస్తుంది. 66లో పరికరం కొత్త హెచ్‌మ్యాక్ తిరిగి పంపుతుంది. అక్కడినుంచి పాత వోచర్ చెల్లదు, కొత్తది మీ డేటాబేస్‌లో మాత్రమే ఉంటుంది. ఫ్యాక్టరీ దగ్గర కూడా దాని కాపీ లేదు.

మా ఇంకో సైట్‌లో డేటాబేస్ చెడిపోతే ముందు రాత్రి బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చాం. అంతా నడిచింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ పగలు పదకొండు గేట్‌వేలు ఆన్‌బోర్డ్ అయ్యాయన్న సంగతి ఎవరికీ తట్టలేదు. అవి అప్పటికే మేనేజ్‌మెంట్ సర్వర్‌కు కలిసిపోయి పనిచేస్తున్నాయి కాబట్టి లోటేమీ కనిపించలేదు. రెండు నెలల తర్వాత వాటిని వేరే సైట్‌కు మార్చాలని రీసెట్ చేస్తే, పదకొండూ మాకు తెలియని జీయూఐడీలతో వచ్చి తలుపు తట్టాయి. వాటి వోచర్లు ఎక్కడా లేవు. ఒక్కొక్కటీ విప్పి, మళ్లీ డీఐ చేయాల్సి వచ్చింది. అవి ఒకే ఊళ్లో ఉండటం మా అదృష్టం.

అందుకని రోజుకోసారి బ్యాకప్ వోచర్లకు చాలదు. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌ను సింక్రనస్ రెప్లికాతో నడపండి. టీఓ2 చివరిదైన 71వ మెసేజ్ పరికరానికి వెళ్లేముందే కొత్త వోచర్ రెండు నోడ్ల డిస్కుల మీద పడి ఉండాలి. దాంతోపాటు కొత్త వోచర్ పుట్టిన ప్రతిసారీ ఒక కాపీ కేంద్రానికి వెళ్లేలా చిన్న క్యూ పెట్టండి. లింక్ లేకపోతే అది ఆగి, లింక్ వచ్చాక పంపాలి. వోచర్‌లో ప్రైవేట్ కీ ఉండదు కాబట్టి కాపీ చేయడానికి భయపడక్కర్లేదు. పరికరాల జాబితా బయటపడుతుందన్న జాగ్రత్త చాలు.

క్రెడెన్షియల్ రీయూజ్ అనే పద్ధతిలో పాత జీయూఐడీ, పాత వోచర్ అలాగే ఉంచొచ్చు. టెస్ట్ బెంచ్‌లో పరికరాన్ని పదే పదే ఎక్కించడానికి అది ఎంతో సుఖం. ప్రొడక్షన్‌లో ఎంచుకునేముందు పరికరాన్ని రేపు ఇంకొకరికి అమ్మాల్సి వస్తుందా అని ఆలోచించండి. అమ్మేదుంటే వద్దు.

టీఎల్ఎస్ సంగతి. టీఓ2 భద్రత టీఎల్ఎస్ మీద ఆధారపడదు. తన కీ మార్పిడి, తన ఎన్‌క్రిప్షన్ దానికే ఉన్నాయి. ఇలా ఉండటానికి ఒక కారణం గడియారం. బ్యాటరీ ఉన్న గడియారం లేని బోర్డు మొదటిసారి లేచినప్పుడు తేదీ 1970 జనవరి 1 అనుకుంటుంది. దాని దృష్టిలో మీ సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకే రాలేదు. హెచ్‌టీటీపీఎస్ మాత్రమే పెడితే హ్యాండ్‌షేక్ దగ్గరే పడిపోతుంది, లాగ్‌లో కారణం సరిగా కనిపించదు. వోచర్ సంతకాల తనిఖీకి గడియారంతో పనిలేదు. నేను పరికరాల దారిలో హెచ్‌టీటీపీని ఆన్‌బోర్డింగ్ వీల్యాన్‌లో (విడదీసిన నెట్‌వర్క్‌లో) మాత్రమే అనుమతిస్తాను. జీయూఐడీ గుట్టు కూడా ముఖ్యమైతే, లేదా దారి ఇంటర్నెట్ మీదుగా పోతే, హెచ్‌టీటీపీఎస్ పెట్టి, పరికరం ముందుగా ఎన్‌టీపీతో టైమ్ సరిచేసుకునేలా ఇమేజ్‌లో ఏర్పాటు చేయండి. మనుషులు వాడే అడ్మిన్ దారికి మాత్రం టీఎల్ఎస్, క్లయింట్ సర్టిఫికెట్ రెండూ ఉండాల్సిందే. ఇందులో బేరం లేదు.

బయటి ట్రాఫిక్ క్లస్టర్‌లోకి వచ్చే ద్వారం, అంటే ఇంగ్రెస్, దగ్గర రెండు జాగ్రత్తలు. వోచర్లు ఎక్కించే అడ్మిన్ ఏపీఐ, పరికరాలు మాట్లాడే ఏపీఐ కొన్ని ఇంప్లిమెంటేషన్లలో ఒకే పోర్టు మీద ఉంటాయి. పరికరాల వైపుకి ఎఫ్‌డీఓ మెసేజ్‌ల పాత్ మాత్రమే తెరవండి, మిగతావి క్లస్టర్ లోపలే ఉంచి నెట్‌వర్క్ పాలసీతో బిగించండి. రెండోది, ఒక పరికరం తాలూకు టీఓ2 సంభాషణ మొత్తాన్ని కలిపి ఉంచేది ఆథరైజేషన్ హెడర్‌లో వచ్చే టోకెన్. మధ్యలో ఏ ప్రాక్సీ అయినా ఆ హెడర్‌ను తీసేస్తే రెండో మెసేజ్‌కే అంతా తెగుతుంది. రెండు మూడు పాడ్లు నడపాలంటే సెషన్ సమాచారం డేటాబేస్‌లో ఉండాలి, పాడ్ మెమరీలో కాదు.

టీఓ2లో ఏం పంపాలన్న దాని మీద కూడా చాలామంది అత్యాశకు పోతారు. మొత్తం అప్లికేషన్‌ను ఇదే దారిలో పంపాలని చూస్తారు. పరికరం వేరే సైజు చెప్పకపోతే కాన్ఫిగరేషన్‌ను మోసే ఒక్కో సర్వీస్ ఇన్ఫో మెసేజ్ 1300 బైట్లే. 10 మెగాబైట్ల ఫైల్ అంటే సుమారు 7,700 రాకపోకలు. ఒక్కోదానికి 100 మిల్లీసెకన్లు పట్టినా 13 నిమిషాలు దగ్గరదగ్గర. మధ్యలో లింక్ తెగితే మళ్లీ మొదటినుంచి. టీఓ2లో మీ రూట్ సర్టిఫికెట్, ఒక చిన్న కాన్ఫిగరేషన్, ఆ ఒక్క పరికరానికే చెల్లే తక్కువ గడువు టోకెన్ పంపండి చాలు. పెద్దవన్నీ పరికరం ఆ తర్వాత హెచ్‌టీటీపీఎస్‌లో తనే దించుకుంటుంది. గేట్‌వే కే3ఎస్‌లో నోడ్‌గా చేరేదైతే, క్లస్టర్ సర్వర్ టోకెన్‌ను మాత్రం పొరపాటున కూడా ఇందులో పెట్టకండి. ఒక్క గేట్‌వే దొంగ చేతికి చిక్కితే క్లస్టర్ మొత్తం చిక్కినట్టే.

సైట్‌కు పంపేముందు నేను చేసే పరీక్షలు మూడు. 68, 69 మెసేజ్‌లు (సర్వీస్ ఇన్ఫో రాకపోకలు) నడుస్తుండగా ఓనర్ పాడ్‌ను చంపి, పరికరం తనంతట తాను కోలుకుంటుందా అని చూస్తాను. ఒక నోడ్ కరెంటు తీగ పీకుతాను, ఎందుకంటే మూడు నోడ్ల ఈటీసీడీ (క్లస్టర్ తన సమాచారం దాచుకునే డేటాబేస్) ఒక నోడ్ పోయినా నిలబడాలి. చివరిది, ఖాళీ క్లస్టర్ మీద బ్యాకప్ నుంచి కీ, వోచర్లు తెచ్చి, అప్పటికే ఒకసారి ఆన్‌బోర్డ్ అయిన పరికరాన్ని రీసెట్ చేసి మళ్లీ ఎక్కిస్తాను. మూడోది పాసయ్యేదాకా ఏ సైట్‌కూ పరికరాలు పంపను.

ఒక మాట అడగకపోయినా చెప్తున్నాను. ఫ్యాక్టరీ మీ సొంతమై, ఏ పరికరం ఏ సైట్‌కు వెళ్తుందో ముందే తెలిసి, సంఖ్య పదుల్లో ఉంటే ఇంత సరంజామా అక్కర్లేదు. ఒక్కో పరికరానికీ విడి సర్టిఫికెట్ ఇమేజ్‌లో వేసి పంపినా సరిపోతుంది. మీవి నెట్‌వర్క్ స్విచ్‌లు, రౌటర్లు అయితే ఇదే పనికి ఉన్న ఇంటర్నెట్ ప్రమాణాలు ఆర్ఎఫ్‌సీ 8572, ఆర్ఎఫ్‌సీ 8995 పద్ధతులు కూడా చూడండి. వందల పరికరాలు, మధ్యలో చేతులు మారడం, ఏ సైట్‌కన్నది చివర్లో తేలడం ఉన్న మీలాంటి చోట ఎఫ్‌డీఓ సరైన ఎంపికే.

ఫ్యాక్టరీలో డీఐ ఇప్పటికే మొదలైందో లేదో మీరు రాయలేదు. మొదలవకపోతే, రాండెవూ సమాచారంలో ఏం రాయిస్తున్నారో, కీ రకం ఏదో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. మొదలైపోతే ఈ రోజే ఒక వోచర్ తెప్పించుకుని, అందులోని రాండెవూ పేరు బయటి నెట్‌వర్క్ నుంచి పలుకుతుందో లేదో చూడండి.